లేసు తెర, ఇత్తడి బిందె, గోదారి చప్పుడు: ఒక గది ప్రదర్శనను మొదటి నుంచి చివరి దాకా తయారుచేసే విధానం

ఇక్కడ చెప్పినట్టు చేసుకుంటూ పోతే చివరికి ఒకే గదిలో మూడు వస్తువులు కలిసి పనిచేస్తాయి. మీటరు పైచిలుకు వెడల్పున్న లేసు తెర, దాని మీదా దాని వెనక గోడ మీదా పడే వీడియో, తెర పక్కన నీళ్లు పోసిన ఇత్తడి బిందె. లేసులో దారంతో పాటు సన్నని రాగి తీగ కలిపి అల్లిన పువ్వులు కొన్ని ఉంటాయి. చూడ్డానికొచ్చినవాళ్లు ఆ పువ్వును ముట్టుకుంటే బిందె మోగుతుంది. అందులోంచి వచ్చేది పాట కాదు. ఆ లేసు అల్లిన చేతుల చప్పుడు, పంటు (మనుషుల్నీ బళ్లనీ నది దాటించే పెద్ద పడవ) ఇంజను, కాలవ నీళ్ల అడుగున వినిపించే చప్పుడు.

ఇదంతా గోదావరి డెల్టాలో దొరికే సరుకుతోనే చేయొచ్చు. లేసుకి నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లు, ఇత్తడికి పెరవలి దగ్గర అజ్జరం, కొబ్బరి పీచుకి కోనసీమ. ఎలక్ట్రానిక్ సామాను కొంత ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఫోనుతో వీడియో తీయడం, కాస్తో కూస్తో సోల్డరింగ్ చేయడం వస్తే చాలు. రానివాళ్లు రేడియోలు బాగుచేసే షాపులో ఒక పూట కూర్చుంటే వచ్చేస్తుంది.

ముందు చేతిపని, తర్వాతే పరికరాలు

ధ్వని, వీడియో, చేతికళ కలిపి పనిచేయాలనుకునే చాలామంది ముందు ప్రొజెక్టరు కొంటారు. తర్వాత ఏం చూపించాలా అని వెతుకుతారు. చివర్లో అలంకారానికని ఒక లేసు ముక్కో ఉప్పాడ జాందానీ చీరో తెచ్చి తగిలిస్తారు. అలా చేసినచోట చేతిపని వెనక్కి పోతుంది, కళాకారుడి పేరు ముందుకొస్తుంది. నా పద్ధతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అల్లేవాళ్ల దగ్గర కూర్చోవడం మొదటి పని. వాళ్ల చేతి వేగమే ఈ మొత్తానికి కొలత. ఏ చప్పుడు ఎంతసేపుండాలి, వీడియో ఎక్కడ కోయాలి, గదిలో మనిషి ఎంత దూరంలో నిలబడాలి, అన్నీ ఆ కొలత నుంచే వస్తాయి.

నరసాపురం లేసు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చింది. తర్వాత ఇంటింటి పనిగా మారి విదేశాలకు ఎగుమతి అయ్యే దాకా పెరిగింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనకి అంతకంటే అవసరమైన విషయం ఒకటుంది: ఒక లేసు బట్ట సాధారణంగా ఒక్కరి పనిగా ఉండదు. విడివిడిగా పువ్వులు అల్లడం ఒక పని, దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నిటినీ కలిపి బట్ట చేయడం వేరే పని, అది అతుకుపని. ఈ రెంటికీ చప్పుడు వేరు, వేగం వేరు, చేసే మనుషులు కూడా తరచుగా వేరు. మీ ప్రదర్శనలో రెండూ ఉండాలి.

మాట్లాడుకోవడం, డబ్బు

మొదటి రోజు కెమెరా, మైకు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఏం చేయబోతున్నారో నోటితో చెప్పండి. ఇలాంటి పని ఏదైనా ఫోనులో చూపిస్తే ఇంకా త్వరగా అర్థమవుతుంది. "ఎవరికమ్మా ఇది, ఆర్డరా?" అని అడుగుతారు. ఆర్డరే అని చెప్పండి, ఎందుకంటే అది నిజం. అందులో మీ చేతులు, మీ చప్పుడు కూడా కొనుక్కుంటున్నామని చెప్పండి.

లేసు కూలి మామూలుగా పీసు లెక్కన ఉంటుంది. ఈ పనికి మాత్రం రోజు లెక్కన ఇవ్వండి. రాగి తీగతో అల్లేటప్పుడు వేగం తగ్గుతుంది. విప్పి మళ్లీ అల్లాల్సి వస్తుంది, మైకు సరిచేసేటప్పుడు ఆగాల్సి వస్తుంది. పీసు లెక్కయితే ఆ నష్టమంతా అల్లే ఆవిడ నెత్తిన పడుతుంది. రికార్డింగ్ రోజుకి వేరే డబ్బు ఇవ్వాలి. మొహం కనపడాలా, చేతులు చాలా, పేరు రాయాలా వద్దా అన్నది వాళ్లే తేల్చాలి. కొందరికి పేరు కావాలి. కొందరికి ఇంట్లో మాట వస్తుందని వద్దు. ఏది చెప్పినా కాగితం మీద రాసుకుని వాళ్లకో కాపీ ఇవ్వండి. ఆ రికార్డింగులు తర్వాత ఇంకో పనిలో వాడితే మళ్లీ అడగాలి, మళ్లీ ఇవ్వాలి. నేను ఈ విషయంలో రాజీ పడను, మీరూ పడొద్దని గట్టిగా చెప్తాను.

చప్పుడు పట్టుకోవడం

ఈ పనిలో ఎక్కువ సమయం, ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే.

లేసు అల్లే చప్పుడు చాలా చిన్నది. మామూలు మైకు ఎంత దగ్గర పెట్టినా ముందు ఫ్యాను, తర్వాత వీధి, ఆ తర్వాత పక్కింటి టీవీ వినిపిస్తాయి. అందుకే గాలిలో చప్పుడు కాకుండా వస్తువులోని కంపనాన్నే పట్టే పియజో బిళ్ల వాడతాం. గ్రీటింగ్ కార్డుల్లో, అలారాల్లో ఉండే పల్చటి ఇత్తడి బిళ్ల అది, మధ్యలో తెల్లటి పింగాణీ పొర ఉంటుంది. పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది. 27 మిల్లీమీటర్లది బిందెకి, పడవ చెక్కకి బాగుంటుంది. కొక్కెం సూదికి మాత్రం 12 లేదా 15 మిల్లీమీటర్ల చిన్నది కావాలి.

తయారీ ఇలా. పైన అల్లిక కవచం ఉన్న ఆడియో కేబుల్ తీసుకోండి. లోపలి తీగను తెల్లటి పొరకి, పైన ఉన్న జాలీ తీగను ఇత్తడి భాగానికి సోల్డర్ చేయండి. తెల్ల పొర మీద సోల్డరింగ్ ఐరన్ రెండు సెకన్లకు మించి ఉంచితే పొర పాడవుతుంది. తర్వాత బిళ్ల రెండు వైపులా ఇన్సులేషన్ టేపు వేయండి. చేయి తగిలితే గుయ్యిమనే కరెంటు మోత దానివల్ల తగ్గుతుంది.

దీన్ని నేరుగా ఫోనుకి కలిపితే చప్పుడు రేకు డబ్బాలా, డొల్లగా వస్తుంది. పియజోకి కనీసం 1 మెగాఓం ఇన్‌పుట్ కావాలి, ఫోను మైకు ఇన్‌పుట్ కొన్ని కిలోఓంలే. కింది స్వరాలన్నీ అక్కడే పోతాయి. గిటారు పెట్టుకునే ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ వాడండి. లేదా పియజో కోసమే అమ్మే చిన్న ప్రీఆంప్ (సిగ్నల్‌ను పెంచే పరికరం) మధ్యలో పెట్టండి. ఏ రికార్డరైనా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలుగా పెట్టుకోండి. ఎక్కువ చప్పుడు వచ్చినప్పుడు రికార్డరు మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగేలా గెయిన్ (చప్పుడు తీసుకునే మోతాదు) తగ్గించండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, లేకపోతే సిగ్నల్ వెతుక్కునే టకటకలు మొత్తం రికార్డింగులో పడతాయి.

చిన్న బిళ్లను కొక్కెం సూది వెనక చివర, బొటనవేలు ఆనే చోటికి కాస్త పైన, టేపుతో గట్టిగా అంటించండి. కేబుల్‌ను ఆవిడ మణికట్టు దగ్గర వదులుగా ఒక చుట్టు చుట్టి వెనక్కి వదలండి, బరువు సూది మీద పడకూడదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. దారం కొక్కెంలోంచి జారేటప్పుడు చిన్న గీరుడు, ముడి బిగిసినప్పుడు ఒక మెత్తని టక్కు, ఆ వెంటనే ఖాళీ. మళ్లీ గీరుడు, టక్కు. గొలుసు కుట్టుకి ఒక నడక ఉంటుంది, పొడుగు కుట్టుకి ఇంకోటి. మూల తిరిగేటప్పుడు క్షణం ఆగుతుంది. ఆ హెడ్‌ఫోన్లు ఆవిడకీ ఇవ్వండి. ఏళ్ల తరబడి చేస్తున్న పని చప్పుడు మొదటిసారి విన్నప్పుడు ఆవిడ చెప్పే మాట మీరు ఊహించేది అయి ఉండదు. ఆ మాట కూడా రికార్డు చేయొచ్చా అని అడగండి.

గాజులు తీసేయమని మాత్రం అడగొద్దు. గాజుల గలగల చేతి నడకలో భాగమే. పైగా అది గాలిలో వచ్చే చప్పుడు కాబట్టి, మామూలు మైకు ఒకటి రెండడుగుల దూరంలో పెట్టి విడిగా పట్టుకుంటే తర్వాత రెంటినీ వేర్వేరుగా కలుపుకోవచ్చు. రెండు రికార్డింగులూ మొదలయ్యాక ఒక్కసారి చప్పట్లు కొట్టండి. సూదికున్న పియజోకి చప్పట్లు సరిగా అందవు కాబట్టి సూదిని కూడా అదే క్షణంలో వేలితో మీటమనండి. ఎడిటింగులో జత కలపడం తేలికవుతుంది.

ఇక నది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదారి వశిష్ట పాయ దాటే పంటు మీద 27 మిల్లీమీటర్ల బిళ్లను ఇనుప కమ్మీకి టేపుతో అంటించండి. ఇంజను చప్పుడు గాలిలో వినేదానికీ ఇనుములో వినేదానికీ పోలికే ఉండదు. గొలుసులు, బైకుల స్టాండ్లు, రేవుకి తగిలినప్పుడు వచ్చే దెబ్బ, అన్నీ ఆ కమ్మీలోకే వస్తాయి. పంటు నడిపేవాళ్లకు ముందే చెప్పి ఎక్కండి. ఒక దాటు మొత్తం ఆపకుండా తీయండి. ముక్కలుగా తీస్తే ఇంజను మారే తీరు పోతుంది.

నీళ్ల అడుగు చప్పుడుకి ఇంకో బిళ్ల కావాలి. దానికి అంచులతో సహా మొత్తం సిలికాన్ సీలెంటు పల్చగా రెండు మూడు పూతలు వేయండి. ప్రతి పూతా పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఆరిన తర్వాత ఒక రాత్రంతా ఉప్పు కలిపిన బకెట్ నీళ్లలో ఉంచి, తెల్లారి పనిచేస్తుందో లేదో చూసుకోండి. సన్నని కంత ఉన్నా డెల్టా చివరి ఉప్పునీళ్లు దాన్ని కనిపెట్టేస్తాయి. కేబుల్ పక్కనే కొబ్బరి తాడు కట్టి, తాడు చివర రాయి కట్టండి. బరువంతా తాడు మోయాలి, కేబుల్ మోయకూడదు. నీటిలో శబ్దం సెకనుకి సుమారు 1500 మీటర్లు పోతుంది, గాలిలో 340 చిల్లర. పైగా నీళ్లు శబ్దాన్ని గాలి కంటే తక్కువగా మింగుతాయి. అందుకే ఎక్కడో దూరంగా పోతున్న పడవ మోటారు కూడా పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది.

ఎప్పుడు దించాలన్నది ముఖ్యం. ప్రవాహం బిళ్లకి తగిలితే మోత తప్ప ఇంకేం వినపడదు. సముద్రానికి దగ్గర పాయల్లో పోటు నిండి ఆటు మొదలయ్యే ముందు నీళ్లు కాసేపు నిలబడతాయి, అదే సరైన సమయం. ఆ సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు పెద్దది, నిలబడే సమయం తక్కువ. మీకు తెలియకపోతే రేవులో వలలు సర్దుకునేవాళ్లను అడగండి, పట్టిక కంటే వాళ్లే నయం. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు కాలవలో తీయడానికి ఏమీ ఉండదు. మడ అడవుల వైపు ఉప్పునీళ్లలో దించితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు వినిపించవచ్చు. ఒక రకం చిన్న రొయ్యలు పంజా టక్కున మూసినప్పుడు పుట్టే బుడగ పేలి ఆ చప్పుడు వస్తుంది. కోరింగ అభయారణ్యం లోపల తీయాలంటే అటవీశాఖ అనుమతి తీసుకునే వెళ్లాలి.

చేపల, రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ల (నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు) మోత కూడా ఒకటి తీసుకోండి. పాతకాలపు చప్పుళ్లే అందమైనవన్న భ్రమ ఒకటుంది. ఈ రోజు డెల్టాలో రాత్రంతా వినిపించేది ఏరియేటరే, అది లేని గోదారి జిల్లా చప్పుడు అబద్ధమవుతుంది. ప్రతి చోటా ఏ పనీ జరగనప్పటి నిశ్శబ్దాన్ని కూడా ఒక నిమిషం తీయండి. అతుకులు కనపడకుండా కప్పడానికి అదే పనికొస్తుంది.

వినడం, కోయడం

చప్పుళ్లు కోయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు. 27 మిల్లీమీటర్ల పియజో బిళ్ల సొంత గొంతు 4 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది. చెవికి గుచ్చుకునే ఆ భాగాన్ని ఈక్వలైజర్‌లో కొంచెం తగ్గించండి. నాయిస్ రిడక్షన్ అనేదాన్ని వీలైనంత ముట్టుకోకండి. నీళ్లలో మునిగినట్టుండే కృత్రిమమైన గొంతు వచ్చేస్తుంది.

ఇప్పుడు కొలత. లేసు రికార్డింగులో ఒక పువ్వుకి ఒక చుట్టు పూర్తవడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 50 సెకన్లు అనుకుందాం. అదే మీ మూరకోల. ప్రతి ధ్వని ముక్కా 50 సెకన్లో, అందులో సగమో, రెట్టింపో ఉండాలి. పంటు చప్పుడు, నీటి చప్పుడు, ఏరియేటర్ ఏదైనా సరే. వింటున్నవాళ్లకి ఈ లెక్క తెలియనక్కర్లేదు. కానీ వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన చప్పుళ్లు ఒకే చేతిలో ఉన్నాయన్న భావన దీనివల్లే వస్తుంది.

ఇత్తడి బిందెను వేళ్లతో, చెక్కతో, మెత్తని గుడ్డ చుట్టిన పుల్లతో మోగించి కొన్ని ముక్కలు తీయండి. వాటి మీద ఒక పాత ఉపాయం ప్రయోగించండి. 1948లో పారిస్ రేడియోలో పనిచేసిన పియర్ షెఫర్ గంట మోగిన శబ్దంలోంచి మొదటి దెబ్బను తీసేసి, మిగిలిన మోతను మాత్రమే వినిపించాడు. దెబ్బ పోయేసరికి అది గంటని చెవి గుర్తుపట్టలేకపోయింది. మీరూ బిందె మీద కొట్టిన మొదటి పావు సెకను కోసేసి, మిగిలింది నెమ్మదిగా పైకి లేచేలా ఫేడ్ ఇన్ పెట్టండి. ఎక్కడో ఊదుతున్నట్టుంటుంది. ఇందులోంచి ఒక ముక్క, లేసువి రెండు, పంటుది ఒకటి, నీళ్లూ ఏరియేటరూ కలిపి ఒకటి, మొత్తం 5 ఎంచుకోండి. అంతకంటే ఎక్కువైతే గదిలో గందరగోళం. ఆ 5 ముక్కలనూ ఎంపీ3గా కూడా సేవ్ చేసుకోండి, ముందు ముందు అవే కావాలి.

రాగి పువ్వు

డెల్టాలో ఏ చిన్న ఊళ్లో చూసినా మోటారు వైండింగ్ షాపు ఉంటుంది. చెరువుల మీద, పొలాల్లో నడిచే మోటార్లన్నీ అక్కడికే వస్తాయి. ఆ షాపులో 34 గేజి వైండింగ్ తీగ అడగండి. మందం 0.23 మిల్లీమీటర్లు. 30 గేజి దొరికినా ఒప్పుకోకండి, కొక్కెం మీద వంగదు, వేళ్లు కోసుకుపోతాయి. ఈ తీగ మీద పల్చని ఎనామిల్ పూత ఉంటుంది. ముట్టుకుంటే స్పందించే పనికి ఆ పూత అడ్డం కాదు, చెమటకి రాగి నల్లబడకుండా కాపాడుతుంది కూడా.

మామూలు లేసు దారంతో పాటు ఈ తీగను జోడీగా పట్టుకుని అల్లాలి. దారం ఒక ఉండ నుంచి, తీగ ఇంకో రీలు నుంచి. రీలును గ్లాసులో నిలబెడితే మెలిక పడకుండా వస్తుంది. తీగ మెలిక పడి లాగితే అక్కడే తెగుతుంది. ముడి బిగించేటప్పుడు రోజూ లాగినంత లాగకూడదు. దారం సాగుతుంది, తీగ సాగదు. పువ్వు మొదలుపెట్టేటప్పుడు ఒక మూర తీగ, ముగించేటప్పుడు ఇంకో మూర వదిలేయమనండి. తీగ మధ్యలో తెగలేదని మల్టీమీటరుతో చూసుకోవడానికి రెండు చివరలూ కావాలి.

రాగి కలిపిన పువ్వు అరచేతిలో సగం ఉండాలి. మరీ చిన్నదైతే స్పర్శ సరిగ్గా అందదు. ఇలాంటివి 5 చేయించండి. మిగతా తెరకి కొత్తగా అల్లించాలంటే వారాలు పడుతుంది. దుకాణాల్లో పక్కనపడేసిన టేబుల్ క్లాతులు, చిన్న చిన్న లోపాలున్న ముక్కలు కొని, వాటి మధ్య రాగి పువ్వులు పెట్టి అతుకుపని చేసేవాళ్లతో కలిపించండి. ఆ అతుకు ఎక్కడ పడాలో వాళ్ల మాటే వినండి. బరువు ఎటు లాగుతుందో వాళ్లకి తెలుసు. తెర వెడల్పు 120 సెంటీమీటర్లు, ఎత్తు 150 ఉంటే బాగుంటుంది. రాగి పువ్వులు నేల నుంచి 90, 120 సెంటీమీటర్ల మధ్య వచ్చేలా చూసుకుంటే పిల్లలకీ అందుతాయి.

ముట్టుకుంటే మోగేలా చేయడం

దీనికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు లాంటి బోర్డు, డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే చిన్న ఎంపీ3 బోర్డు కావాలి. ఈఎస్‌పీ32లో స్పర్శను గుర్తించే పిన్నులు 10 ఉంటాయి, మనకి 5 చాలు. ఒక్కో పువ్వు నుంచి వచ్చే తీగ చివర ఎనామిల్‌ను బ్లేడుతో గీకి, రాగి మెరిసేదాకా చూసి, ఒక్కో పిన్నుకి సోల్డర్ చేయండి. రెండో చివరను ఊరికే చుట్టి లేసు వెనక దాచేయండి. పువ్వు నుంచి బోర్డుకి తీగ వీలైనంత పొట్టిగా ఉండాలి. ఒక తీగ ఇంకో తీగకి ఆనుకుని పోకూడదు, ఒకటి ముడితే రెండు మోగుతాయి. బోర్డును తెర పై కర్ర మీదే కట్టేస్తే ఈ సమస్య సగం తగ్గుతుంది.

32 జీబీ లోపు మెమరీ కార్డును ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. అందులో ఎంపీ3 అనే ఫోల్డరు పెట్టి ఫైళ్లకి 0001, 0002 అని వరసగా పేర్లివ్వండి. ఈఎస్‌పీ32 నుంచి ప్లేయర్‌కి మాట వెళ్లే తీగలో 1 కిలోఓం రెసిస్టర్ పెట్టండి, స్పీకర్లో గరగర తగ్గుతుంది. ప్రోగ్రాము ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో రాస్తాం. తర్కం ఇంతే: ఆన్ అవగానే ఒక్కో పువ్వు మామూలు విలువను కాసేపు చదివి గుర్తుపెట్టుకోవాలి. ఆ తర్వాత విలువ అందులో మూడో వంతుకు పైగా పడిపోతే ముట్టుకున్నట్టు, ఆ నంబరు ఫైలు మొదలవ్వాలి. పాత ఈఎస్‌పీ32లో ముట్టుకుంటే విలువ తగ్గుతుంది, ఎస్3 రకంలో పెరుగుతుంది. మీ బోర్డు ఏదో చూసుకుని రాయండి.

మన గాలిలో తేమ పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది, దాంతో పాటే ఈ విలువలూ జరుగుతాయి. అందుకే ఎవరూ ముట్టుకోనప్పుడు మామూలు విలువను ప్రోగ్రాము నిదానంగా సరిచేసుకుంటూ ఉండాలి. పవర్ బ్యాంకు మీద ఒక విలువ, ఛార్జరు మీద ఇంకో విలువ వస్తుంది. ప్రదర్శన దేని మీద నడుస్తుందో దాని మీదే పరీక్షించండి. కరెంటు ఎప్పుడు పోతుందో అన్న టెన్షన్ ఉండదు కాబట్టి నేను పవర్ బ్యాంకునే ఎంచుకుంటాను.

బిందె

మామూలు స్పీకరు బదులు ఎక్సైటర్ అనే పరికరం వాడతాం. దానికి కాగితపు శంఖం ఉండదు. ఏ వస్తువుకి అంటిస్తే ఆ వస్తువే స్పీకరు అవుతుంది. 4 ఓంలు, 3 వాట్ల ఎక్సైటర్ డీఎఫ్‌ప్లేయర్‌కి నేరుగా సరిపోతుంది. ప్లేయర్ స్పీకర్ పిన్నులు రెండిట్లో దేన్నీ గ్రౌండుకి కలపకండి.

సుత్తితో సాగగొట్టిన అజ్జరం బిందె అయితే అన్నిచోట్లా ఒకే మందం ఉండదు. కాబట్టి ఎక్సైటర్‌ను భుజం మీద, నడుం మీద, అడుగు దగ్గర చేత్తో ఒత్తి పట్టుకుని వింటూ తిరగండి. ఒక్కో చోట ఒక్కో గొంతు. నచ్చిన చోట అంటించండి. ఇప్పుడు నీళ్లు. కుళాయి కింద బిందె నిండుతున్నప్పుడు శబ్దం పైకి పోతుంది, ఎందుకంటే లోపల గాలికి చోటు తగ్గుతుంది. అదే బిందెను బయట నుంచి కొడితే, నీళ్లు పెరిగేకొద్దీ మోత కిందికి దిగుతుంది, గోడలకి నీటి బరువు తగులుతుంది కాబట్టి. జలతరంగం పలికేది ఈ రెండో పద్ధతిలోనే. ఎక్సైటర్ గోడల్ని కదిలిస్తుంది కనుక మన బిందె కూడా నీళ్లు పోసేకొద్దీ బొంగురవుతుంది. పావు వంతు నీళ్లతో మొదలుపెట్టి గ్లాసు గ్లాసూ కలుపుతూ వినండి. నీటి పైన వలయాలు కనిపిస్తుంటే సరైన దారిలో ఉన్నారు. కొంచెం ఎక్కువ లైటు ఆ నీటి మీదకి వేస్తే అవే వలయాలు సీలింగు మీద కదులుతాయి.

బిందె దగ్గర 5 వోల్టులకు మించి ఏ కరెంటూ ఉండకూడదు. ప్లగ్గులన్నీ నేలకి ఎత్తున, నీళ్లకి దూరంగా.

వీడియో

మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకని ఫోనులో ప్రో మోడ్ పెట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెడితే ట్యూబులైటు కింద చారలు, మినుకులు రావు. ఫోకస్, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేయండి. తెల్ల దారాన్ని చూసి ఫోను ఎటూ తేల్చుకోలేక ఎగాదిగా అవుతుంది. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గించండి. అప్పుడు దారం పోగులు విడివిడిగా కనపడతాయి, చేతి చర్మం రంగు అసలు రంగులో ఉంటుంది. ఏసీ కారులోంచి దిగగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరాను సంచిలోనే అరగంట ఉంచి బయటికి తీయండి.

రెండే రకాల దృశ్యాలు కావాలి. ఒకటి పైనుంచి చేతులు, కదలని ట్రైపాడ్ మీద. రెండోది పంటు మీద నుంచి నీళ్లు, కెమెరా కదలకుండా, కదలికంతా పంటుదే. జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు తీస్తే ఒక నది, చలికాలంలో ఇంకో నది. లేసు తెర మీద ఎర్రనీరే బాగా పడుతుందని నా అభిప్రాయం. తెల్ల దారానికి ఆ రంగు పట్టినట్టు మరే రంగూ పట్టదు. ఎడిటింగ్ ఉచిత డావించి రిజాల్వ్‌లో చేసుకోవచ్చు. కోత ఎక్కడంటే, మళ్లీ ఆ 50 సెకన్ల కొలత దగ్గరే. ఫ్రేములో తెర ఆకారం బయట ఉన్న భాగమంతా నలుపు చేసేయండి, లేకపోతే తెర అంచుల పక్క నుంచి వెలుతురు గోడ మీదికి కారిపోతుంది.

గదిలో అమరిక

ప్రొజెక్టరు త్రో నిష్పత్తి (దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే, 120 సెంటీమీటర్ల తెరకి 180 సెంటీమీటర్ల దూరంలో పెట్టాలి. తెరకి వెనక 60 సెంటీమీటర్లలో తెల్ల గోడ ఉండాలి. కొంత బొమ్మ దారం మీద ఆగుతుంది, మిగతాది కంతల్లోంచి పోయి గోడ మీద మూడో వంతు పెద్దదై, లేసు నీడతో కలిసి పడుతుంది. రెండిటి మీదా ఒకేసారి ఫోకస్ కుదరదు. దారం మీద పెట్టండి. చేతులు దారం మీద స్పష్టంగా, గోడ మీద మెత్తగా ఉంటాయి. ప్రొజెక్టరును ఎత్తులో పెట్టి కిందికి వంచితే తెర ముట్టుకునేవాళ్ల కళ్లలో వెలుతురు పడదు, వాళ్ల నీడ కూడా నేల మీదికి పోతుంది.

ఖాళీ గదుల్లో బిందె మోత గోడలకి తగిలి తిరిగొస్తుంది. బిందెకి ఎదురు గోడ మీద కొబ్బరి పీచు చాపలు వేలాడదీయండి. గోడకీ చాపకీ మధ్య నాలుగైదు సెంటీమీటర్ల ఖాళీ ఉంచితే ఇంకా బాగా మింగుతుంది. ఫ్యాను ఒకటో నంబరులో తిరగనివ్వండి, తెర కదిలితే గోడ మీద నీడలు కూడా కదులుతాయి. "ముట్టుకోవచ్చు" అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. అల్లినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, మీ పేరు ఉన్నంత సైజులోనే దాని పక్కనే ఉండాలి. జనం రాకముందే అల్లినవాళ్లను, అతికినవాళ్లను పిలిచి ఒక పూట గది వాళ్లకే ఇవ్వండి. రానూపోనూ ఖర్చు మీది. తెర వేలాడే తీరు చూసి వాళ్లు ఏదైనా మార్చమంటే అప్పుడే మార్చండి.

విప్పేటప్పుడు

ముందు పవర్ బ్యాంకు తీసేయండి, తర్వాత బిందె నీళ్లు వంపి వెంటనే పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే ఇత్తడి మీద మచ్చలు కడతాయి. తెరను మడతపెట్టకండి. మడత పడ్డచోట రాగి తీగ రెండు మూడుసార్లకి తెగుతుంది. లావుపాటి గొట్టానికి నూలు గుడ్డతో కలిపి చుట్టండి. తీగ తెగిన పువ్వు ఏదైనా ఉంటే మల్టీమీటరుతో కనిపెట్టి, దారం రంగు కట్టి గుర్తు పెట్టండి, అతుకుపని చేసేవాళ్లు ఆ ఒక్కటే విప్పి కొత్తది వేస్తారు. బోర్డులు, బిళ్లలు సిలికా జెల్ పొట్లాలతో మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఉంచండి. సముద్రం దగ్గర ఊళ్లలో ఉప్పుగాలికి సోల్డరు అతుకులు పచ్చబడతాయి. వేవ్ ఫైళ్లు రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టి, చోటు, తేదీ, పోటా ఆటా, ఎవరి చేతులు అన్నది ఫైలు పేరులోనే రాసుకోండి. ఎవరెవరి చప్పుడు తీసుకున్నారో వాళ్లందరికీ వాళ్ల రికార్డింగు ఒక కాపీ, ఫోనులో తెరుచుకునేలా ఎంపీ3గా పంపించండి.